విషానికీ లాఠీకీ నడుమ మేము

సోషల్ మీడియాకు ప్రభుత్వం ముకుతాడు వేయాలా వద్దా అని సెక్యులర్ మిత్రులు మమ్మల్ని అడుగుతుంటారు. వాళ్ళకది చర్చ. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో బతికే మాకది బజారుకు పోవాలా వద్దా అన్న ప్రశ్న.

మా ఊళ్ళల్లో ఫోను షోకు కాదు. ఇంటాయన దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టే అమ్మీకి ఆయన గొంతు వాట్సాప్‌లోనే వినబడుతుంది. 2020లో అదే ఫోనులోకి ‘కరోనా జిహాద్’ వచ్చింది. ఢిల్లీ మర్కజ్‌కు పోయొచ్చినవాళ్ళలో కొందరికి జబ్బు సోకిన మాట నిజం. ఆ నెపంతో మా జాతినే జబ్బుగా చూపారు. మధ్యప్రదేశ్‌లోని రాయ్‌సేన్‌లో ఫిబ్రవరిలో తీసిన పండ్ల వ్యాపారి వీడియోను ఏప్రిల్‌లో దేశమంతా తిప్పారు. తబ్లిగీ విదేశీయులను బలిపశువులను చేశారంటూ ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి కేసులు కొట్టేసింది. వీడియో చూసిన ఫోన్లలో ఎన్నింటికి ఆ తీర్పు చేరింది?

కంపెనీలే చూసుకుంటాయిలే అంటారా? గోషామహల్ శాసనసభ్యుడు రాజాసింగ్ సంగతే చూడండి. ఆయన పోస్టులు ద్వేష నిబంధనలను దాటాయని ఫేస్‌బుక్ సిబ్బందే తేల్చినా, వ్యాపారం దెబ్బతింటుందని ఆ సంస్థ భారత అధికారి అడ్డుపడ్డారని 2020 ఆగస్టులో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. ఆ పేజీలు తనవి కావని ఆయనన్నారు. అల్లరయ్యాక సెప్టెంబరులో గానీ ఆయన్ను తొలగించలేదు.

అట్లయితే సర్కారు చేతికిద్దామా? ఇక్కడే మాకు గుండె ఝల్లుమంటుంది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. శాంతి కోసమన్నారు. దెబ్బలు తిన్నది కూలీలు. ఉగ్రవాదుల కోసమని 1985లో తెచ్చిన టాడా 1995లో గడువు తీరేదాకా ఎందరో ముస్లింలను జైళ్ళలో మగ్గబెట్టింది. చిరాకు తెప్పించే పోస్టుకూ మూడేళ్ళ జైలన్న 66ఏ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 69ఏ మిగిలింది. దాని కింద పోస్టులు ఆపే ఉత్తర్వులను 2009 నిబంధనల ప్రకారం గోప్యంగా ఉంచుతారు. కారణం తెలియని శిక్షకు అప్పీలెట్లా?

మా ఇంటి విషం సంగతీ చెప్పాలి. మేము ఉర్దూ, తెలుగు రెండూ చదువుతాం. ఆడపిల్ల ఫొటో పెడితే మీదపడే పెద్దమనుషులు ఉర్దూ గ్రూపుల్లోనూ ఉన్నారు. 2022 జనవరి 1న బుల్లీబాయి యాప్‌లో ముస్లిం స్త్రీలను ‘వేలం’ వేసినవాళ్ళు బయటివాళ్ళు. ఆడదాని నోరు మూయించడంలో ఇద్దరిదీ ఒకటే తోవ.

కాబట్టి మాకు నియంత్రణ కావాలి. సర్కారును విమర్శించే నోటికి కాదు, మనిషి మీదికి మనిషిని ఉసిగొల్పే నోటికి. ద్వేష ప్రసంగంపై మతం చూడకుండా, ఫిర్యాదు లేకున్నా కేసు పెట్టమని 2023 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ముందు దాన్ని అమలు చేయండి. ఆపిన ప్రతి పోస్టుకూ కారణం రాసివ్వండి, కోర్టులో అడిగే దారి ఉంచండి. తెలుగు, ఉర్దూ తెలిసిన మనుషులను పెట్టేట్టు, విషాన్ని ఎందుకు ఉంచారో జవాబు చెప్పేట్టు కంపెనీలను కట్టడి చేయండి.

చట్టం రాసేటప్పుడు మమ్మల్ని బాధితుల లెక్కలో చూపి, అమలు చేసేటప్పుడు ముద్దాయిల లెక్కలో వేయకండి.