తాత బేరం

పిల్లలూ, చిన్నతనంలో నేనొక బేరంలో మోసపోయాను. మోసం చేసింది ఎవరో కాదు, నా తెలివే!

మాది పలాసకు తూర్పున, సముద్రం వైపు, ఉద్దానంలో ఒక ఊరు. చుట్టూ కొబ్బరి, జీడిమామిడి తోటలు. ఒక వేసవిలో తాత నన్నూ, చెల్లెల్నీ జీడిపిక్కలు ఏరడానికి పిలిచాడు.

"కూలి ఏటి కావాల? ఇప్పుడే వంద పిక్కలా? లేకపోతే ఇయ్యాల ఒకటి, రేపు రెండు, ఎల్లుండి నాలుగు, అలా పదిరోజులు రెట్టింపు చేసి ఇమ్మంటారా?" అన్నాడు.

రెండు పదులు ఇరవై అనుకుని, నేను వంద పిక్కలు జేబుల్లో నింపుకున్నాను. చెల్లెలు రెండో బేరానికి ఒప్పుకున్నది. ఎనిమిదోనాడు దానికి 128 వచ్చాయి; పదోనాడు 512. మొత్తం 1023! నాకు ఏడుపు వచ్చింది.

నా పొరపాటు ఏమిటో తెలిసిందా? తొమ్మిది రెండ్లను కూడితే 18. వాటినే ఒకదానితో ఒకటి గుణిస్తే 512. దీన్ని పొట్టిగా 2⁹ అని రాస్తారు. కింది 2 భూమి. పైన చిన్నగా కూర్చున్న 9 ఘాతాంకం.

పదోనాటికి తొమ్మిదేనా అంటారేమో! మొదటిరోజు రెట్టింపు జరగలేదు కదా. అందుకే అది 2⁰. దాని విలువ సున్న అనుకునేరు! ఆనాడు చెల్లెలి చేతిలో ఒక పిక్క పడింది. 2⁰ అంటే 1.

సుమారు వెయ్యేళ్ళ కిందటే పావులూరి మల్లన ఈ లెక్కను తెలుగు పద్యంలో చెప్పాడు. చదరంగం పలకలో 64 గళ్ళు. మొదటి గడిలో 1, ఆపైన ప్రతి గడిలో రెట్టింపు. మొత్తం 2⁶⁴ కన్న ఒకటి తక్కువ: 1,84,46,74,40,73,70,95,51,615. చెల్లెలి 1023 కూడా 2¹⁰ కన్న ఒకటే తక్కువ, చూడండి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో తోటలకు తోటలే నేలకూలాయి. మా తాత తోట కూడా పోయింది.

"ఇక మిగిలింది సున్న, తాతా!" అన్నాను.

తాత గోనెసంచి అడుగున వెతికి, ఒక పిక్క తీసి నా చేతిలో పెట్టాడు.

"సున్నేటిరా? ఒకటుంది. ఇయ్యాల మొదటిరోజు" అన్నాడు.

దాన్ని పెరట్లో నాటాం. జీడిమొక్క కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది; నాటిన ప్రతి పిక్కా మొలవదు కూడా. అయినా ఒక చెట్టు వంద పిక్కలిచ్చి, అవన్నీ చెట్లయి తలా వంద ఇస్తే 100², అంటే పదివేలు. మరి ఆ పదివేలూ చెట్లయితే? ఆ లెక్క మీరే వేయండి. కూడిక మాత్రం చెయ్యకండి!