మా ఇంటి బండలు పుట్టిన చోటు

కొత్త ఇంటికి ఫ్లోరింగ్ ఏది? రెండు నెలలుగా మా ఇంట్లో ఇదే గొడవ. నాకేమో తెల్లగా మెరిసే విట్రిఫైడ్ టైల్స్ కావాలి. నాన్నకి నాపరాళ్లే కావాలి. ‘‘ఒకసారి కొలిమిగుండ్ల పోయొద్దాం పా, తర్వాత మాట్లాడు’’ అన్నాడు. ఓ శనివారం ల్యాప్‌టాప్ మూసేసి బయల్దేరా.

తాడిపత్రి దాటి నంద్యాల జిల్లాలోకి వచ్చాక ఎటు చూసినా బండలే. గోడలు, మెట్లు, పశువుల తొట్లు, ఆఖరికి చేల చుట్టూ కంచె కూడా నిలబెట్టిన నాపబండలే! ఓ గని దగ్గర ఆగాం. నాపరాయి అంటే సున్నపురాయే. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకుంది. అందుకే ఉలి పెట్టి కొడితే పలకగా ఊడొస్తుంది. ముఖానికి తువ్వాలు చుట్టుకుని, ఆ ఎండలో పలకలు లేపుతున్న వాళ్లని చూశాక బేరమాడ్డానికి నాకు నోరు రాలేదు.

అక్కణ్నుంచి బెలుం గుహలు దగ్గరే. మొత్తం పొడవు 3,229 మీటర్లు. మనల్ని రానిచ్చేది కిలోమీటరున్నర దాకా. లోపల ఒకటే ఉక్క. ఇదీ సున్నపురాయే, తొలిచింది మాత్రం నీళ్లు. గాల్లోని కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాన నీరు కాస్త ఆమ్లంగా మారి, వేల ఏళ్లపాటు రాయిని కరిగించుకుంటూ పోయిందని గైడ్ చెప్పాడు.

ఆ మాటకి గతుక్కుమన్నా. పోయిన సంక్రాంతికి అవ్వ ఇంట్లో బండలు మెరవాలని బాత్రూం కడిగే యాసిడ్ పోసి రుద్దింది నేనే. ఏళ్ల తరబడి నడిచి నడిచి నున్నబడ్డ బండ కాస్తా తెల్లగా పాలిపోయి గరుకెక్కింది. పైగా ‘ఈ రాయే మంచిది కాదు’ అని తీర్పు కూడా చెప్పా!

నాన్నతో అంటే నవ్వలేదు. ‘‘నువ్వొస్తే బాధపడతావని మీ అవ్వ ఆ మచ్చ మీద చాప పరుస్తాది’’ అన్నాడు.

గొడవ అక్కడితో అయిపోయింది. హాల్లో, గదుల్లో పాలిష్ పట్టిన నాపరాళ్లు. వాకిట్లో, మెట్లకి పాలిష్ లేనివి. తడిసినా కాలు అంతగా జారదు. వంటగట్టుకి మాత్రం గ్రానైట్, ఎందుకంటే నిమ్మరసం, చింతపండు పులుసు పడినా సున్నపురాయికి మచ్చే. మీ ఇంట్లో ఈ బండలుంటే యాసిడ్ జోలికి పోకండి. నీళ్లు, కాస్త సబ్బు చాలు.

అవ్వ బండకి మళ్లీ పాలిష్ పట్టించడానికి మేస్త్రీతో మాట్లాడా. ఈసారి చాప నేనే తీస్తా.