గాజుపలక మీద నెత్తుటి చుక్క

జులై 14, 2024, ఆదివారం
కరీంనగర్

రాత్రంతా వాన. అటక మీది చెక్కపెట్టె తడిసిందేమోనని పొద్దున్నే దించి చూశాను. లోపల స్లైడ్లు భద్రంగానే ఉన్నాయి. ఉట్నూరు వైపు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసిన రోజుల్లో, కొత్తగా చేరినవాళ్లకు నేర్పడానికి దాచినవి. పలచటి పూత మీద పెన్సిలుతో రాసిన నంబర్లు ఇప్పటికీ చదవడానికి వస్తున్నాయి.

బిడ్డ హైదరాబాదు నుంచి వచ్చింది. మలేరియా క్రిమి జీనోమ్ మీద పరిశోధన తనది. ఒక స్లైడు కిటికీ వెలుతురుకు పట్టి, “బాపూ, గిండ్ల నువ్వు ఏం చూసెటోనివి?” అని అడిగింది.

“సన్నటి ఉంగరాలు, అరటిపండు ఆకారాలు ఉంటే పీఎఫ్. ఎర్రకణం ఉబ్బి, చుక్కలు పడితే పీవీ. గంతే బిడ్డా.” పీఎఫ్ అంటే ఫాల్సిపారం, పీవీ అంటే వైవాక్స్, మలేరియా క్రిమిలో రెండు జాతులు.

“జాతి చెప్పినవు. ఇంటిపేరు చెప్పలే.”

ఆ మాట పొద్దంతా నాతోనే తిరిగింది.

జులై 21, ఆదివారం

క్రిమి ఇంటిపేరు, అంటే దాని వంశం, ఎట్లా చదువుతారో ఇవాళ బిడ్డ కూర్చోబెట్టి చెప్పింది. పీఎఫ్ క్రిమికి 14 క్రోమోజోములు, దాదాపు 2.3 కోట్ల డీఎన్ఏ అక్షరాలు, సుమారు 5,300 జన్యువులు. మొదటిసారి మొత్తం చదివి 2002 అక్టోబరులో ప్రచురించారు. కష్టం ఎక్కడంటే, రోగి నెత్తుటిలో మనిషి డీఎన్ఏ కూడా ఉంటుంది. మనిషిది 300 కోట్ల అక్షరాలు. తెల్లకణాలను ముందే వడగట్టకపోతే క్రిమి రాత అందులో మునిగిపోతుంది. పైగా ఈ క్రిమి డీఎన్ఏలో నూటికి ఎనభై పాళ్లు ఏ, టీ అనే రెండక్షరాలే. తునకలుగా చదివి అతికేటప్పుడు అన్నీ ఒకే తీరుగా కనబడి, ఏ ముక్క ఎక్కడిదో తేలదట.

ఇంకో సంగతి విని ఆశ్చర్యపోయాను. ఒకే మనిషి ఒంట్లో ఒకేసారి రెండు మూడు వంశాల క్రిములు ఉండొచ్చు. నేను ‘పీఎఫ్ పాజిటివ్’ అని ఒక్క గీతలో రాసిన చుక్కలో ఎన్ని కుటుంబాలు కాపురం చేశాయో!

ఆగస్టు 20, మంగళవారం

దోమల దినం. 1897లో ఇదే రోజు సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడ మీద మలేరియా క్రిమిని చూశాడు. కొలువులో చేరిన కొత్తలో బేగంపేటలోని ఆ భవనాన్ని చూసి, గడపకు దండం పెట్టుకొని వచ్చాను.

రాస్ చూసిన ఆ దోమ కడుపు విలువ నాకు ఇప్పుడు ఇంకో విధంగా అర్థమవుతోంది. మన ఒంట్లో క్రిమి తన నకళ్లనే పెంచుకుంటూ పోతుంది. ఆడ, మగ కలిసేది దోమ కడుపులోనే. ఒక్క కాటులో రెండు వంశాలు దోమలోకి పోతే అక్కడ వియ్యమంది, జన్యువులు కలబోసుకొని, ఇదివరకు లేని పిల్లల్ని కంటాయి. ఇంత వైవిధ్యం పుట్టేది అక్కడే.

రాస్ దోమలకు నెత్తురిచ్చిన రోగి హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా లెక్కన ఇచ్చారట. ఆయన పేరు నిలిచింది. నా రిజిస్టర్లలో వేలి నుంచి నెత్తురిచ్చిన గోండు, కొలాం, నాయకపోడు మనుషుల పేర్లు ఎవరికి గుర్తు?

సెప్టెంబరు 2, సోమవారం

పొలాల అమావాస్య. ఊళ్లలో ఎడ్ల కొమ్ములకు రంగులద్ది పూజ చేసే రోజు. వాన తెరిపి ఇవ్వలేదు.

ఇలాంటి ముసురులోనే ఒక కొలాం గూడేనికి పోయిన రోజు గుర్తొచ్చింది. ఒక పిల్లవాడికి క్లోరోక్విన్ మాత్రలు మొత్తం మింగించాం. మూడో వారం మళ్లీ చలి, వణుకు. మళ్లీ స్లైడు, మళ్లీ ఉంగరాలు. మాత్రలు ఉమ్మేశాడేమోనని వాళ్ల అమ్మను గద్దించాను. ఆమె ఏమీ అనలేదు. పిల్లవాడి వేలు తుడుస్తూ, “ఎన్నిమార్లు నెత్తురు తీసుకపోతరు సారూ, అదంత ఏమైతది?” అంది. రిపోర్టు వస్తదని చెప్పి వచ్చేశాను.

మందుకు లొంగని పీఎఫ్ మన దేశంలో 1973లోనే అస్సాంలో బయటపడింది. దాని గుట్టు ఒక ప్రోటీనులో 76వ స్థానంలో ఉంది. అక్కడ ఒక్క అమైనో ఆమ్లం మారితే, క్లోరోక్విన్‌ను క్రిమి తన కడుపు సంచిలోంచి బయటికి తోసేయగలదు. మైక్రోస్కోపులో మాత్రం లొంగేదీ లొంగనిదీ ఒకే ఉంగరం. ఆ తల్లి తప్పు లేకపోవచ్చునని అప్పుడు నాకు తోచనే లేదు.

ఇప్పుడు పీఎఫ్‌కు ఇస్తున్నది ఆర్టెమిసినిన్ జాతి మందుల జత. దానికీ లొంగని క్రిములు కంబోడియాలో పుట్టాయి. కెల్చ్-13 అనే జన్యువులో మార్పే గుర్తు అని 2014లో తేల్చారు. ఇంకో రకం మార్పులో హెచ్ఆర్‌పీ-2 జన్యువే ఊడిపోతుంది. అట్లాంటి క్రిమి ఉన్న నెత్తురు వేస్తే, ఆ జన్యువు చేసే ప్రోటీనునే పట్టే కార్డు టెస్టు నెగెటివ్ చూపిస్తుంది. అప్పుడు మళ్లీ మైక్రోస్కోపే దిక్కు. నా పని ఇంకా చెల్లిపోలేదు.

సెప్టెంబరు 22, ఆదివారం

బిడ్డ ఫోనులో స్పెయిన్ కథ చెప్పింది. అక్కడ ఎబ్రో నది డెల్టాలో 1940ల నాటి మలేరియా స్లైడ్లను ఒక డాక్టరు కుటుంబం దాచి ఉంచింది. యూరపులో ఆ క్రిములు ఎప్పుడో అంతరించాయి. ఆ ఎండిన చుక్కల నుంచే మైటోకాండ్రియా డీఎన్ఏ తీసి చదివి 2016లో ప్రచురించారు. ఆ పీఎఫ్‌కు అతి దగ్గరి చుట్టం నేడు మన భారతదేశంలోనే ఉందట.

ఫోను పెట్టేశాక చాలాసేపు కూర్చుండిపోయాను. రీచెక్ అయిపోయిన స్లైడ్లను సబ్బునీళ్లలో నానబెట్టి, కడిగి, ఎండబెట్టి మళ్లీ వాడేవాళ్లం. గాజు కొరత. నా చేతులతో కడిగినవి వేలల్లో ఉంటాయి. ఒక్కో దాంట్లో ఒక్కో వంశావళి నీళ్లలో పోయింది. అప్పటి అవసరం అది, కాదనను. బాధ మాత్రం బాధే.

అక్టోబరు 10, గురువారం

సద్దుల బతుకమ్మ. బిడ్డ ఇంటికొచ్చింది. వాకిట్లో తంగేడు, గునుగు పేరుస్తుంటే పెట్టె తెచ్చి దాని పక్కన పెట్టాను.

“కేసులు తగ్గినయి గదా, ఇంక వీటితోని పనేంది?” అన్నాను.

“తగ్గినప్పుడే పని బాపూ. 2030 కల్లా మలేరియా ఉండొద్దంటున్నరు. మిగిలిన ఒక్క జ్వరం ఈడి దోమ ఇచ్చిందా, ప్రాణహిత దాటి వచ్చిందా తెల్వాలె. పాత వంశాలు తెలిస్తేనే కొత్తది గుర్తువడ్తం.”

ప్రాణహిత నదికి అటువైపు మహారాష్ట్ర. చుట్టరికాలు రెండు ఒడ్లకూ ఉన్నాయి. మనుషులు పెళ్లికో పనికో పోయి వస్తుంటే క్రిమి కూడా నెత్తుటిలో కూర్చొని పోయి వస్తుంది.

పెట్టె తీసుకుపోతానంటుందనుకున్నాను. మూత వేసి నా చేతికే ఇచ్చింది. “ఇవి నీవీ కావు, నావీ కావు. ముందు అనుమతులు గావాలె. ఊరోళ్లను అడగాలె.”

నిజమే. నంబరుకు వెనుక ఊరు ఉంది. పండుగ వెళ్లాక ఆ కొలాం గూడేనికి పోదాం అనుకున్నాం. పటేలు ముందర కూర్చొని మొదట ఈ సంగతంతా చెప్పాలి, తర్వాతే అడగాలి. వద్దంటే పెట్టె అక్కడే అప్పగించి రావాలి.

ఆ తల్లి ఉందో లేదో. ఉంటే ఆమె అడిగిన మాటకు ఇన్నేళ్లకు జవాబు చెబుతాను. పిల్లవాడి విషయంలో గద్దించినందుకు ముందు తప్పు ఒప్పుకుంటాను.