తెర మీద కుంటాల

కొత్తగా లినక్స్ వేసుకున్న వాళ్లకు మొదట పుట్టే కోరిక చిత్రంగా ఉంటుంది. పని మొదలుకాకముందే ముస్తాబు! ఆన్ చేయగానే కంపెనీ గుర్తు బదులు ఎలగందుల కోటో, కుంటాల జలపాతమో కనిపించాలి. కరీంనగర్ హాస్టల్ గదుల్లోనైనా, పాత ఆదిలాబాద్ జిల్లాలోని బాసర ట్రిపుల్ ఐటీలోనైనా కుర్రకారు సరదా అదే.

బాసర విద్యాసంస్థ 2008లో మొదలైంది. ఈ బొమ్మను చూపించే ప్లిమత్ అనే ప్రోగ్రాం కూడా అదే ఏడాది ఫెడోరా 10 అనే లినక్స్ రకంతో జనంలోకి వచ్చింది. మరో లినక్స్ రకమైన ఉబుంటు దాన్ని 2010లో అందుకుంది.

చిక్కల్లా ఒకటే. బొమ్మను థీమ్ ఫోల్డరులో పెట్టి రీస్టార్ట్ చేస్తే మళ్లీ పాతదే వస్తుంది. లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ లేచేసరికి అసలు డిస్క్ ఇంకా మౌంట్ అయి ఉండదు. అప్పటికి కెర్నల్ చేతిలో ఉండేది ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న మూట. సద్దిమూటలో కట్టుకోనిది పొలం దగ్గర దొరకదు కదా! అందుకే థీమ్ ఎంచుకున్నాక, ఉబుంటులో అయితే 'అప్‌డేట్-ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్' ఆదేశంతో ఆ మూటను మళ్లీ కట్టాలి. అయినా బొమ్మ రాకపోతే, కెర్నల్‌ను లేపే గ్రబ్ అనే ప్రోగ్రాం సెట్టింగుల ఫైలులో 'స్ప్లాష్' అన్న మాట ఉందో లేదో చూడాలి. అక్కడ ఏది మార్చినా 'అప్‌డేట్-గ్రబ్' తప్పదు.

గ్రబ్ మెనూలో తెలుగు రాద్దామంటే మాత్రం అక్షరాలు చెదురుతాయి. భారతీయ లిపుల ఒత్తులు, గుణింతాలు కూర్చే నియమాలు అందులో లేవు. ఊరి పేరు తెలుగులోనే కావాలంటే దాన్ని పీఎన్‌జీ బొమ్మగా చేసి మెనూ వెనక పెట్టుకోవడమే దారి.