నీకేం తక్కువ?

మన ఇళ్లల్లో దిగులుగా కూర్చున్న మనిషిని చూడగానే అడిగే ప్రశ్న ఒకటుంది: "నీకేం తక్కువ?" ప్రేమగానే అడుగుతారు. వర్జీనియా వూల్ఫ్ నవల 'మిసెస్ డాలొవే' (1925) తీసినప్పుడల్లా నాకు ఆ ప్రశ్నే వినిపిస్తుంది.

అందులో సెప్టిమస్ స్మిత్ మొదటి ప్రపంచయుద్ధం నుంచి క్షేమంగానే తిరిగొచ్చాడు. యుద్ధం ముగియబోతుండగా స్నేహితుడు ఎవాన్స్ చనిపోతే ఏడుపు రాలేదు. నిబ్బరంగా ఉన్నానని తనను తనే మెచ్చుకున్నాడు కూడా. 1923 జూన్‌లో, లండన్ పార్కులో, ఆ ఎవాన్స్ అతనికి కనిపిస్తున్నాడు. డాక్టర్ హోమ్స్ పరీక్ష చేసి జబ్బేమీ లేదు, ఏదైనా వ్యాపకం పెట్టుకోమంటాడు. అంటే, నీకేం తక్కువ?

మరుసటి ఏడాది వచ్చిన హెమింగ్వే నవల 'ది సన్ ఆల్సో రైజెస్'లో జేక్ బార్న్స్‌ది తిరగేసిన కథ. తక్కువేమిటో దగ్గరివాళ్లకి తెలుసు. యుద్ధంలో తగిలిన దెబ్బతో, ప్రేమించిన బ్రెట్‌తో కాపురం చేసే వీల్లేకుండా పోయింది. ఆ గాయమేమిటో నవలలో ఎవరూ విడమరిచి చెప్పరు. పగలంతా మామూలుగా తిరిగే జేక్ రాత్రి పడుకున్నాక ఏడుస్తాడు.

ఒకరి గాయం కనపడదు కనక నమ్మరు. ఇంకొకరిది తెలుసు కనక మాట్లాడరు.

నాకు మాత్రం వీళ్లకి కాస్త తెరిపి దొరికిన ఘడియలే ఎక్కువ గుర్తు. సెప్టిమస్ భార్య రెజియా టోపీలు కుడుతుంది. చివరి రోజు అతను పూలూ రిబ్బన్లూ ఏరి ఎక్కడేది పెట్టాలో చెబితే, ఆమె కుడుతుంది. ఇద్దరూ నవ్వుకుంటారు. జేక్ స్పెయిన్ కొండల్లో బిల్‌తో కలిసి చేపలు పడతాడు. బిల్ వేళాకోళంలో ఆ గాయం దాకా వచ్చి, మాట వదిలేస్తాడు.

చేతిలో చిన్న పని, పక్కన ఆరా తీయని మనిషి. మా చిన్నాన్నకి నిద్రపట్టని రోజుల్లో ఇంటికొచ్చినవాళ్లంతా కారణం అడిగేవాళ్లు. నాయనమ్మ మాత్రం చిక్కుడుకాయలు ముందు పోసి ఈనెలు తీయమనేది. దాంతో నిద్ర రాలేదు గానీ, ఆ గంటసేపు ఆయన మనలో ఉండేవాడు.

టోపీ పూర్తయ్యాక హోమ్స్ మళ్లీ మెట్లెక్కి వస్తాడు. సెప్టిమస్ కిటికీలోంచి దూకేస్తాడు. ఆ రాత్రి విందులో ఈ కబురు విన్న క్లరిస్సా డాలొవే, ముక్కూ మొహం తెలియని ఆ కుర్రాడి గురించి ఒంటరిగా గదిలో నిలబడి ఆలోచిస్తుంది. తొలి ఊహలో అసలు సెప్టిమస్ లేడనీ, చనిపోవాల్సింది క్లరిస్సాయేననీ వూల్ఫ్ 1928లో ఒక ముందుమాటలో రాసింది. ఇల్లూ, మొగుడూ, కూతురూ, ఇంటినిండా అతిథులూ ఉన్న క్లరిస్సా! ఆమెనీ అందరూ అదే అడిగి ఉండేవాళ్లు.