కళ్లంలో ఒంటిచక్రం

మేము ఇద్దరం టీచర్లం. ఒకే బడి. డి.ఎడ్. చేసి పిల్లలకు చదువు చెప్పబట్టి పద్దెనిమిదేళ్లయింది. ప్రొద్దుటూరులో బాడుగ ఇంట్లో ఉంటాం. బడి జమ్మలమడుగు వైపు. సొంత తాండా పులివెందుల పక్కన. నేర్పడమే మా పని, నేర్చుకునే వయసు దాటిపోయిందని అనుకుంటూ ఉండినాం. మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆ అనుకోవడం పోయింది.

బెంగళూరులో పని చేసే మా అన్న కొడుకు పండక్కి వస్తూ సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎలక్ట్రిక్ యూనిసైకిల్ తెచ్చినాడు. తాండాలో దానికి అప్పుడే ఒంటిచక్రం బండి అని పేరు పెట్టినారు. సీటు లేదు, హ్యాండిల్ లేదు. ఒకే చక్రం, దానికి రెండు వైపులా పాదాలు పెట్టుకునే రెక్కలు. అంతే.

వచ్చిన పూటే ఎక్కుదామంటే చార్జింగ్ లేదు. దాని చార్జర్ మీద 67.2 వోల్టులు అని ఉంది. "కాకా, దీనికి దీని చార్జరే పెట్టాల. వేరే బండిది పెడితే బ్యాటరీ చెడిపోతుంది, మంట కూడా లేవొచ్చు" అన్నాడు వాడు. గడ్డివామికి దూరంగా, కడప బండ మీద పెట్టి, మనిషి మెలకువగా ఉన్నప్పుడే చార్జింగ్ పెట్టినాం. తిరిగొచ్చిన వెంటనే పెట్టకూడదు, బ్యాటరీ చల్లారాలి. నిండడానికి అర యూనిట్‌కు కాస్త ఎక్కువ కరెంటు పడుతుంది. పులివెందుల నుంచి జమ్మలమడుగు పోయే దారిలో ముద్దనూరు దగ్గర 1650 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. మైలవరం మండలంలో సోలార్ పలకలు పరిచినారు. బస్సులో వాటిని చూస్తూ పోయే మేము చిన్నప్పుడు చదివింది కిరసనాయిలు బుడ్డి కింద.

ఈ బండిని అమెరికాలో షేన్ చెన్ అనే ఆయన 2011లో సోలోవీల్ పేరుతో అమ్మకానికి తెచ్చినాడు. లోపల గైరోస్కోప్ ఉంటుంది. మనిషి ముందుకు వాలితే అది కనిపెట్టి మోటారు చక్రాన్ని ముందుకు తిప్పుతుంది, వెనక్కి వాలితే వేగం తగ్గిస్తుంది. ముందూ వెనకా పడకుండా చూడటం వరకే దాని పని. కుడీ ఎడమా చూసుకోవాల్సింది మనమే. సైకిల్ లాగే, మెల్లగా పోతే ఊగుతుంది, కాస్త వేగం వస్తే నిలుస్తుంది. భయంతో మెల్లగా పోయేవాడే పడతాడు.

కళ్లం చుట్టూ కడప బండలు పాతిన కంచె ఉంది. దాన్ని పట్టుకుని ఒక పాదం రెక్క మీద, ఒక పాదం నేల మీద పెట్టి మొదలుపెట్టినాం. హెల్మెట్, మోకాళ్లకు పట్టీలు వాడివే, ఒకరి తర్వాత ఒకరం కట్టుకున్నాం. రెక్క తగిలి పిక్కలు కమిలిపోయినాయి. వాడు చెప్పే మాట ఒకటే: "కిందికి చూడొద్దు కాకా, దూరం చూడు."

రెండో రోజుకు తాండా అంతా కళ్లం దగ్గరికి వచ్చింది. పిల్లలు నవ్వినారు. ఆ నవ్వుకు మా కాళ్లు బిగుసుకుపోయినాయి. ముందురోజు పది అడుగులు పోయినవాళ్లం, ఒక్క అడుగు పోలేకపోయినాం. మా యాడి వచ్చి అందరినీ తరిమింది. "పడేవాళ్లను చూసి నవ్వితే ఎట్ల లేస్తారు?" అంది. కంచె పట్టుకుని నిలబడిన మాకు అప్పుడు మా బడిలోని మూడో తరగతి పిల్లోడు గుర్తుకొచ్చినాడు.

వాడూ మా సుగాలీల బిడ్డే. రొట్టె బొమ్మ చూపించి ఇదేందిరా అంటే "బాటి" అన్నాడు. "తప్పు, రొట్టె అనాల" అన్నాం. క్లాసంతా నవ్వింది. మేము ఆపలేదు. ఆ రోజు నుంచి వాడు నోరు విప్పలేదు, తర్వాత బడికి రావడం తగ్గించినాడు. మా ఇంట్లో మేమూ బాటి అనే అంటాం. ఆ సంగతి బడిలో ఎవరికీ తెలియనీయకుండా ఇన్నేళ్లు నెట్టుకొచ్చినాం.

నాలుగో రోజు కంచె వదిలి కళ్లం ఈ చివర నుంచి ఆ చివరకు పోయినాం. బ్యాటరీ ముప్పై శాతానికి రాగానే వాడు దిగమన్నాడు. చార్జింగ్ తగ్గేకొద్దీ మోటారుకు మనిషిని నిలబెట్టే బలం తగ్గుతుందట. అది పెట్టే కేకను లెక్క చేయకుండా వేగంగా పోతే ఒక్కసారిగా కింద పడేస్తుంది. ఇంకా పోవాలని ఉన్నా దిగినాం.

సెలవులు అయినాక ఆ పిల్లోడి ఇంటికి పోయినాం. వాళ్లమ్మతో మన మాటలోనే మాట్లాడినాం. ఆమె మమ్మల్ని ఎగాదిగా చూసి, "మీరు మనోళ్లా?" అంది. తల వంచుకుని అవునన్నాం.

మరుసటి రోజు వాడు బడికి వచ్చినాడు. బోర్డు మీద రొట్టె అని రాసి, పక్కనే బాటి అని రాసినాం. మా ఇంట్లో దీన్ని ఇట్లంటారు అని క్లాసుకు చెప్పినాం. ఎవరూ నవ్వలేదు. వాడు బోర్డును చూసినాడు, మమ్మల్ని చూసినాడు. ఏమీ మాట్లాడలేదు.

ఇంకా మాట్లాడలేదు. రోజూ వస్తున్నాడు. ఇప్పుడు వాడు కంచె పట్టుకుని నిలబడినాడు. మేము తొందర పెట్టడం లేదు.