చేతి మీద స్టీలు బిళ్ళ

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు రాగానే ఏడో నంబరు గది పాత విద్యార్థులమంతా ఒకే మాట అనుకున్నాం. ఆ స్టీలు బిళ్ళ సంగతి రాద్దామని.

2009లో మేం తొమ్మిదో తరగతి. మా గదిలోని మిత్రుడొకడికి అంతకు ముందు ఏడాది బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. ఆరోగ్యశ్రీ కింద హైదరాబాదులో వైద్యం జరిగింది. పెద్ద కోర్సు ముగిశాక, రోజూ మాత్రలు మింగుతూ, ఆసుపత్రికి వెళ్లివస్తూ మళ్లీ మా మధ్యకు వచ్చాడు. జుట్టు మొలిచింది. క్యారమ్స్‌లో మమ్మల్ని ఓడిస్తున్నాడు. ఇక జబ్బు పోయిందనే అనుకున్నాం.

ఆ డిసెంబరులో పక్క ఊళ్లో ఆటల పోటీలు చూడటానికి మాతో వచ్చాడు. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతూ వణికిపోయాడు. దగ్గర్లోని క్లినిక్కుకు మోసుకెళ్లాం. "ఏం మందులు వాడుతున్నాడు?" అని అడిగితే ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "రక్తం జబ్బు సార్" అన్నామే గానీ మందు పేరు ఒక్కటీ నోటికి రాలేదు. ఫైలేమో హాస్టల్లో ట్రంకుపెట్టెలో ఉంది. తుంటికి ఇంజెక్షన్ చేసి పంపేశారు. మర్నాడు వార్డెన్ సారు పెద్దాసుపత్రికి చేర్చేసరికి వాడు మాట్లాడే స్థితిలో లేడు. ఇంజెక్షన్ చేసిన చోట నల్లగా కమిలిపోయింది. 12 రోజులు మంచం మీదున్నాడు.

డాక్టరమ్మ మమ్మల్ని తిట్టలేదు. కూర్చోబెట్టి చెప్పారు. క్యాన్సర్ మందులకు తెల్ల రక్తకణాలు తగ్గిపోతాయట. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా అత్యవసరమే, గంటలోపు యాంటీబయాటిక్ పడాలట. ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే కండకు ఇంజెక్షన్ చేసినచోట లోపల రక్తం కారుతుందట. "వాడు చెప్పలేనప్పుడు వాడి చెయ్యి చెప్పాలి" అన్నారు.

మా కాస్మొటిక్ ఛార్జీల్లోంచి తలా ఐదు రూపాయలు వేసుకున్నాం. బిందెల మీద పేర్లు చెక్కే స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్లి, చిన్న బిళ్ళ మీద డాక్టరమ్మ రాసిచ్చినట్టే చెక్కించాం. ముందువైపు పెద్ద అక్షరాల్లో 'మెడికల్ అలర్ట్', వాడి పేరు. వెనకవైపు 'కీమోథెరపీ. జ్వరం వస్తే ఎమర్జెన్సీ. కండకు ఇంజెక్షన్ వద్దు', ఆసుపత్రి ఫోను నంబరు. మందులకు ముంజేయి ఉబ్బుతుందని గొలుసు వదులుగా పెట్టించాం.

వాడు మొదట వేసుకోనన్నాడు. "జబ్బును మెడలో గంటలా కట్టుకు తిరగాలా?" అన్నాడు. వాళ్ల నానమ్మ కట్టిన తాయెత్తు పక్కనే కట్టి ఒప్పించాం. మాలో ఒకడు సరదాపడి తనకూ అలాంటిదే కావాలంటే, "జబ్బు కూడా తీసుకుంటావా?" అన్నాడు వాడు. మళ్లీ ఎవరూ అడగలేదు.

2010 వేసవి సెలవుల్లో ఒక రాత్రి బస్టాండులో ఒంటరిగా పడిపోయాడు. మేమెవరం పక్కన లేము. 108 వాళ్లు చెయ్యి తిప్పి చదివి, నంబరుకు ఫోను చేసి, నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఈసారి నాలుగో రోజుకే ఇంటికొచ్చాడు.

కాలేజీకి వెళ్లాక చదివి తెలుసుకున్నాం. 1953లో అమెరికాలోని టర్లాక్ పట్టణంలో ఒక డాక్టరు గారి కూతురు, టెటనస్ మందు పడక చావు అంచుదాకా వెళ్లిందట. ఆమె కోసం చేయించిన కడియంతోనే 1956లో 'మెడిక్ అలర్ట్' సంస్థ పుట్టిందట. ఎక్కడైనా కన్నవాళ్ల భయం ఒకటే.

2011లో మందులు ఆపేశారు. వాడు బిళ్ళ తీసి మా చేతుల్లో పెట్టాడు. బరువు ఏమీ లేదు.

తమ్ముళ్లూ, మీ గదిలో క్యాన్సరే కాదు, మూర్ఛ, షుగరు, సికిల్ సెల్ ఉన్నవాడెవడైనా ఉంటే సిగ్గుపడనివ్వకండి. బిళ్ళ దొరక్కపోతే చీటీ అయినా రాసి జేబులో పెట్టండి. ఎంఆర్ఐ తీసేటప్పుడు మాత్రం లోహపు బిళ్ళ తీసేయాలి. అన్నిటికంటే ముందు, మందుల పేర్లు గదిలో అందరూ నేర్చుకోండి. మేం ఆలస్యంగా నేర్చుకున్నాం.